హాగ్నెస్ వాళ్ళ ఊరు

మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలకి అంబులెన్స్ కదిలింది. ఎమర్జెన్సీ కాల్ సెంటర్‌లో నా ముందున్న మూడు స్క్రీన్లలో మధ్యదాని మీద చిన్న నీలం గుర్తు స్టేషన్ నుంచి బయటికొచ్చి, రోడ్డు రెండుగా చీలే చోట ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, కుడివైపుకి తిరిగింది. ఎడమకి తిరగాల్సిందని నా వెనక నిలబడ్డ కేట్లిన్ అనుకుంటోంది. ఆ మాట పైకి అనడం లేదు గాని ఆమె చేతిలోని పెన్ను టకటకలాడటంలో నాకు వినబడుతూనే ఉంది. కుడికి తిప్పింది నేను. ఇంక నేను చేయగలిగిందేమీ లేదు, ఆ నీలం గుర్తు ఎంత నెమ్మదిగా జరుగుతోందో చూస్తూ కూర్చోవడం తప్ప. మామూలు రోజైతే ముప్పై ఐదు నిమిషాల దారి. ఇవాళ పొగమంచు, పైగా చివరి తొమ్మిది కిలోమీటర్లు కంకర రోడ్డు, యాభై అనుకోవాలి. ఆ దారి చివర ఒక వంటింట్లో నేల మీద ఒక ముసలావిడ పడి ఉంది, లేదా ఎవరూ లేరు. ఉంటే నేను విన్నది నిజం. లేకపోతే ఆవిడ అఖాతానికి అవతలి ఒడ్డున ఇంకెక్కడో పడి ఉంది, బండి వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా మళ్ళీ చుట్టుకుని అక్కడికి చేరేసరికి ఆవిడకి నా చెవి ఎంత గొప్పదో ఎవరూ చెప్పక్కర్లేని పరిస్థితి వస్తుంది.

ఫోన్ వచ్చింది రెండూ ఏడుకి. ముసలి గొంతు, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్న గొంతు. "మిస్సస్, కమ్ క్విక్, ఇట్స్ మీ హాగ్నెస్." మీ హాగ్నెస్ అంటే నా ఆగ్నెస్. కెనడా తూర్పు కొసన ఉన్న ఈ న్యూఫౌండ్లాండ్ ద్వీపంలో చాలామంది 'మై' అనరు, 'మీ' అంటారు. పద్నాలుగు నెలల కిందట కొత్తగా వచ్చినప్పుడు నా తెలుగు చెవికి అది తెలుగు మాటలాగే తగిలేది. మీ తల నొప్పిగా ఉంది, మీ కాలు విరిగింది, మీ భర్త పడిపోయాడు అని పొద్దస్తమానం ఎవరెవరో తమ కష్టాలన్నీ తెచ్చి నా ఒళ్ళో పెడుతున్నట్టుండేది. ఇప్పుడు అలా అనిపించదు. లేదు, ఇప్పుడూ అనిపిస్తుంది, కాకపోతే ఇప్పుడు అది తప్పుగా తోచదు. ఏమైంది సార్ అన్నాను. "షీ టుక్ ద నీడిల్ దిస్ మార్నిన్, అండ్ షీ నెవర్ హీట్ నట్టిన్." పొద్దున్న ఇన్సులిన్ సూది వేసుకుంది, ఏమీ తినలేదు. పిలిస్తే పలకడం లేదు. ఊపిరి ఉంది. మీ పేరు సార్? "హీలై." ఏ ఊరు సార్, ఎక్కడికి పంపాలి? "హీల్స్ కోవ్, మిస్సస్. లాస్ట్ ఔస్ బై ద వాటర్." నీళ్ళ పక్కన చివరిల్లు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి అన్నాను. "మీ ఆండ్స్ ఇజ్ షేకిన్," అన్నాడు, నా చేతులు వణుకుతున్నాయని, చిన్నపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు. ఫరవాలేదు సార్, వణికే చేతులతోనే తిప్పండి అన్నాను. అంతే, లైన్ తెగిపోయింది. నాలుగుసార్లు తిరిగి చేశాను. ఆ చుట్టుపక్కల కొండ కొమ్మున ఒక్కటే సెల్ టవర్, అఖాతం రెండు ఒడ్లకీ అదే దిక్కు, గాలి వాటాన్ని బట్టి పని చేస్తుంది.

హీల్స్ కోవ్ అని టైప్ చేయగానే కంప్యూటర్ ఎడమ ఒడ్డున ఒక ఎర్ర చుక్క పెట్టింది. మూడు వందల మంది ఉండే ఊరు, చర్చి ఉంది, అంగడి ఉంది, వాలంటీర్ల ఫైర్ హాల్ ఉంది. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు. వేలు మీట మీదికి వెళ్ళింది, ఆగింది. ఆ ఆగడం గురించి ఇప్పుడు ఆలోచిస్తుంటే అది నేను ఆపినట్టు లేదు. హాగ్నెస్ అనే పేరు లోకంలో లేదు. ఆగ్నెస్ ఉంది. 'ఈట్'ని హీట్ అన్నాడు. 'హౌస్'ని ఔస్ అన్నాడు, 'హ్యాండ్స్'ని ఆండ్స్ అన్నాడు. అంటే ఈయన హ ఉన్న చోట తీసేస్తాడు, లేని చోట పెడతాడు. అలాంటి మనిషి నిజంగా హీల్స్ కోవ్‌లో ఉంటే ఈల్స్ కోవ్ అనాలి. హీల్స్ కోవ్ అన్నాడంటే ఆయన ఉన్నది ఈల్స్ కోవ్‌లో. ఈల్ అంటే పాములా ఉండే ఆ చేప. పటంలో వెతికాను. ఉంది, కుడి ఒడ్డున, కంకర రోడ్డు ఆగిపోయే చోట, ఏడు ఇళ్ళు. ఆ హీలై కూడా హీలీ అనే ఇంటిపేరు కాదు, ఈలై. బైబిల్లో ఏలీ. చిన్న సమూయేలుని పెంచిన ముసలి యాజకుడు ఏలీ. ఆదివారం బడిలో ఆ కథ నాకు నోటికి వచ్చు.

"జీ, టేప్ మళ్ళీ వినిపించనా?" అంది కేట్లిన్. జ్ఞానవతి అనడం కష్టమై ఇక్కడ అందరూ నన్ను జీ అంటారు. కేట్లిన్ మా షిఫ్ట్ సూపర్‌వైజర్, ముప్పై ఏళ్ళ పిల్ల, ఈ సెయింట్ జాన్స్ నగరంలోనే పుట్టి పెరిగింది. "హ స్పష్టంగా ఉంది. హీల్స్."

"స్పష్టంగా ఉంది కాబట్టే కాదంటున్నాను," అన్నాను. హాగ్నెస్ గురించి, ఔస్ గురించి గబగబా చెప్పాను.

"అలా మాట్లాడేవాళ్ళు ప్రతిసారీ ఒకేలా మాట్లాడరు జీ. ఈల్స్ కోవ్‌లో ఏడు ఇళ్ళు, అందులో ఐదు వేసవిలో తప్ప తెరవరు. ఇది నవంబర్. హీల్స్ కోవ్‌లో మూడు వందల మంది. ఒక్క బండే ఉంది మనకి, రెండోది పేషెంట్‌తో సిటీకి వస్తోంది. నేనిక్కడే పుట్టాను, నాకు హీల్స్ అనే వినబడింది."

ఆమె చెప్పింది అన్యాయం కాదు. లెక్కన చూస్తే ఆమెదే రైట్. "నేను విన్నది ఈల్స్," అన్నాను.

కేట్లిన్ నా ముఖం వంక చూసింది. "కాల్ నీది. నిర్ణయం నీ పేరు మీద ఉంటుంది. నేను హీల్స్ కోవ్ ఫైర్ హాల్‌కి ఫోన్ చేసి ఊళ్ళో వెతకమంటాను. నువ్వింక వేరే కాల్స్ తీసుకోకు, దీని మీదే ఉండు." అప్పుడు మీట నొక్కాను. కుడికి.

రెండూ పందొమ్మిది. నీలం గుర్తు చెరువు దాటింది. వేరే కాల్స్ తీసుకోకు అన్న మాట దయే, కాని ఆ మాట నాకు కొత్త కాదు, ఒకసారి ఇదే గదిలో ఇంకో రకంగా విన్నాను. మేం మిస్సిసాగా నగరం పక్కన మిల్టన్‌లో ఇల్లు ఖాళీ చేసి వచ్చిన రెండో నెల అది. నా భర్త క్రిస్టోకి ఇక్కడి యూనివర్సిటీలో సముద్రపు మంచు మీద పని చేసే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఎన్నేళ్ళ నుంచో అతను కోరుకున్న పని, వెళ్దాం అన్నది నేనే. నాకేం భయం? మిస్సిసాగాలో తొమ్మిదేళ్ళు ఇదే పని చేశాను. పంజాబీ తాతల ఇంగ్లీషు, జమైకా అమ్మమ్మల ఇంగ్లీషు, పోలిష్ మేస్త్రీలది, తమిళ డ్రైవర్లది, 401 హైవే మీద యాక్సిడెంట్ అయి కేకలు పెడుతూ మూడు భాషలు కలిపేసే వాళ్ళది, ఎవరిదైనా సరే అర్థం కాని కాల్ వస్తే పక్క సీట్లవాళ్ళు చెయ్యెత్తి నన్ను పిలిచేవాళ్ళు. పదకొండు మంది కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చాను. కెనడాలో ఇంగ్లీషు నాకు వినబడకుండా పోవడమా? ఇక్కడికొచ్చిన తొలి వారం ఒకావిడ ఫోన్ చేసి, అమ్మ మూడు రోజులుగా "వోంట్ హీట్" అంది. ఇంట్లో హీటర్ పని చేయడం లేదా మేడమ్, గది ఎంత చల్లగా ఉంది, దుప్పట్లు కప్పారా అని నేను అడుగుతూ పోయాను. తర్వాత ఆవిడ నెమ్మదిగా, "లెట్ మీ టాక్ టు సమ్‌వన్ ఎల్స్, మీ లవ్," అంది. కోపం లేదు ఆ గొంతులో, జాలి ఉంది. కోపమైనా భరించేదాన్ని.

అలాంటివి ఐదు అయ్యాక మేనేజర్ పిలిచి మూడు వారాలు కాల్స్ తీసుకోవద్దన్నాడు. పక్కన కూర్చుని వినాలి, అంతే. పదకొండు మందికి నేర్పినదాన్ని, ఇరవై రెండేళ్ళ కుర్రదాని పక్కన చెవిలో రెండో వైరు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి ఏనీకి అప్పుడు పన్నెండేళ్ళు, స్కూల్లో చేరిన నెలకే "ఎస్ బై" అని ఇక్కడివాళ్ళలా సాగదీసి అనడం నేర్చేసింది. నా ముఖం చూసి, "మామ్, డోంట్ బి శాడ్, జస్ట్ లిసన్ లైక్ మ్యూజిక్," అంది. మ్యూజిక్ విని ఎవరికీ అంబులెన్స్ పంపలేమే అన్నాను తెలుగులో. క్రిస్టో మాత్రం పెద్దగా మాట్లాడలేదు. గిన్నెలు తుడుస్తూ, "వెనక్కి వెళ్ళిపోదామంటే చెప్పు. నేను ఏదో ఒకటి చూసుకుంటా. నువ్వు ఇలా తల దించుకుని ఇంటికి రావడం నేను చూడలేకపోతున్నా," అన్నాడు. వెళ్ళిపోదాం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చింది గాని అక్కడే ఉండిపోయింది. ఓడి వెళ్ళడం ఒకటి, వినబడక వెళ్ళడం ఒకటి. రెండోది నాకు మరీ అవమానం. "ఒక్క చలికాలం ఆగు," అన్నాను.

మర్నాడు ఒక నోట్‌బుక్ కొన్నాను. ఇంగ్లీషులో రాసుకుందామని కూర్చుంటే చెయ్యి సాగలేదు, ఇంగ్లీషు స్పెల్లింగు ఎవరు ఎలా పలికినా ఒకేలా కూర్చుంటుంది. తెలుగులో రాయడం మొదలుపెట్టాను. తెలుగు అక్షరం విన్నది విన్నట్టు పట్టుకుంటుంది, ఒత్తుతో సహా, దీర్ఘంతో సహా. 'థింగ్' కాదు టింగ్. 'దట్' కాదు డాట్. 'హార్ట్' కాదు ఆర్ట్, 'ఇయర్' కాదు హియర్. పొద్దున్న వంట చేస్తూ లోకల్ రేడియోలో జనం ఫోన్ చేసి రోడ్ల గుంటల గురించీ, చేపల కోటాల గురించీ తిట్టిపోసే ప్రోగ్రామ్ పెట్టుకునేదాన్ని, పోపు మాడినా పట్టించుకునేదాన్ని కాదు. పక్కింటి బెర్నిస్ ఆంటీ, డెబ్బై ఎనిమిదేళ్ళ వితంతువు, తానే అల్లిన చేతి తొడుగులు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "హూ నిట్ యా, మీ లవ్?" అని అడిగింది. నిన్నెవరు అల్లారు అని. చేతి తొడుగుల గురించి అడుగుతోందనుకుని చేతులు చూపించాను. ఆవిడ పడీ పడీ నవ్వి, మీ అమ్మా నాన్నా ఎవరే పిల్లా అని అడగడం అది అని చెప్పింది. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు ఆవిడ ఇంట్లో టీ. ఆవిడ ఏదో ఒకటి చెబుతుంటే నేను రాసుకుంటూ ఉండేదాన్ని. నా నోట్‌బుక్ చూసి, "నా మాటలు ఇంత అందంగా గుండ్రంగా ఉంటాయా!" అని మురిసిపోయింది. ఒక పేజీలో రెండు వరుసలు గీశాను, హ పోయినవి, హ వచ్చినవి. పెద్ద మంచు పడే సరికి ఆ పేజీలు పదహారయ్యాయి.

రెండూ ముప్పై ఒకటి. కేట్లిన్ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ఆమె తిరిగిన తీరులోనే తెలిసిపోయింది. "హీల్స్ కోవ్‌లో హీలీ అనే కుటుంబం ఉంది జీ. ముసలి మొగుడూ పెళ్ళామూ. ఆవిడకి షుగర్. నీళ్ళ ఒడ్డునే ఇల్లు. తలుపు తాళం వేసి ఉంది, లోపల లైటు వెలుగుతోంది, ఎవరూ పలకడం లేదు. తలుపు పగలగొట్టమంటావా అని అడుగుతున్నారు."

హీలీ. ముసలి జంట. షుగర్. నీళ్ళ ఒడ్డు. నేను కుడికి పంపిన బండి కంకర రోడ్డు మీదికి ఎక్కబోతోంది, ఇప్పుడు తిప్పితే నలభై నిమిషాలు, తిప్పకపోతే. "పగలగొట్టమనండి," అన్నాను, "తప్పకుండా పగలగొట్టమనండి."

"బండి తిప్పనా?"

కళ్ళు మూసుకున్నాను. ఆయన గొంతు మళ్ళీ విన్నాను, టేపు కాదు, నా లోపల మిగిలింది. హీలై. చివర ఆ 'ఐ' తెరుచుకుంటుంది. హీలీ కాదు, ఆ 'ఈ'లో నోరు మూసుకుపోతుంది. హీలై అన్నప్పుడు గాలి బయటికొచ్చింది, భయంతో వచ్చిన గాలి అనుకుని తీసి పక్కన పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే హాగ్నెస్ అన్నప్పుడు కూడా అదే గాలి, భార్య పేరు ముందు, యాభై అరవై ఏళ్ళుగా పిలుస్తున్న పేరు ముందు. తన భార్య పేరుని ఏ మనిషీ ఒక్కోసారి ఒక్కోలా పిలవడు. "తిప్పొద్దు," అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది, పక్క సీటు అబ్బాయి తల తిప్పి చూశాడు. "తిప్పొద్దు కేట్లిన్."

ఇంత మొండితనం నాకెక్కడిది? మా నాన్నదే. నాన్న పేరు పీటర్, మిషన్ ఆస్పత్రిలో కాంపౌండర్. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన్ని పాలకొండ వైపు ఆస్పత్రికి మార్చారు. గోదావరి జిల్లా మాటలు మాట్లాడే మేం అక్కడికి వెళ్తే, బడిలో నేను నోరు విప్పితే పిల్లలు నవ్వేవాళ్ళు, వాళ్ళు విప్పితే నాకు అర్థమయ్యేది కాదు. నాన్నకి మాత్రం అదొక పండగ. రోగులు ఏ మాట ఎలా అంటే చీటీ వెనక అలాగే రాసుకునేవాడు, సాయంత్రం అమ్మకి చదివి వినిపించేవాడు, వెక్కిరింపుగా కాదు, కొత్త కూరగాయ ఏదో సంతలో దొరికితే తెచ్చి చూపించినట్టు. ఒక రోజు బడి లేదు, నేను ఆస్పత్రి వరండా బల్ల మీద కూర్చుని ఉన్నాను. కొండ దిగి ఒకావిడ వచ్చింది, వీపుకి గుడ్డతో ఏదో మూట కట్టుకుని, ఆయాసపడుతూ. "బాబూ, పిల్లడు బాబూ, ఏడి, శానా ఏడి," అంటోంది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన రామ్మోహన్ డాక్టరు గారు, "ఎవడమ్మా? ఎవడు ఏడి? పిల్లాడు తప్పిపోయాడా?" అని, కాపలా మనిషిని పిలిచి గేటు బయట వెతకమన్నారు. నాన్న మందు సీసా పక్కన పెట్టి వచ్చాడు. "వేడి అంటోందండీ. ఒళ్ళు కాలిపోతోందని. పిల్లాడు ఆ మూటలోనే ఉన్నాడు."

"నీ పని నువ్వు చూసుకో పీటర్. ఏడి ఏడి అని వెతుక్కుంటుంటే వినబడటం లేదా?"

"వినబడిందండీ, అందుకే చెబుతున్నా," అన్నాడు నాన్న. డాక్టరు గారి ముఖం ఎర్రబడింది. నాన్న కదలలేదు. ఆవిడ ముడి విప్పడానికి చెయ్యి వెయ్యబోయి, ముందు ఆవిడ మాటతోనే, "ఏడి ఎన్నాళ్ళ నుంచి తల్లీ?" అని అడిగాడు. అప్పటిదాకా బెదిరిపోయిన ఆవిడ ఆ మాట వినగానే భోరుమని ఏడ్చేసింది. మూటలో ఏడాది పిల్లాడు, కళ్ళు తేలేసి ఉన్నాడు. బతికాడు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి దాని గురించి గొప్పగా ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా నేను చూశానుగా. తెల్ల చొక్కా జేబు మీద నీలం మందు మరక, పొట్టి మనిషి, డాక్టరు గారి ముందు వంగకుండా నిలబడ్డాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఏ మాటనీ తప్పు మాట అనడం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

రెండూ నలభై నాలుగు. కంకర రోడ్డు. నీలం గుర్తు పాకుతోంది. రేడియోలో డ్రైవర్ విన్స్, "ముందు ఏమీ కనబడటం లేదు, ఇరవై మీద పోతున్నాం," అన్నాడు. కానివ్వండి అన్నాను. ఇన్సులిన్ లోపల, తిండి లేదు, మెదడుకి చక్కెర అందని ప్రతి నిమిషమూ ఒక నిమిషమే. నేను తప్పయితే ఏమవుతుంది? ఉద్యోగం సంగతి కాదు. ఇంటికెళ్ళి క్రిస్టోకి ఏం చెప్పను? లెక్కన మూడు వందల మంది ఎడమన ఉంటే, ఇద్దరు ఉండీ లేనట్టున్న కుడికి పంపాను, ఒక అక్షరం కోసం. ఊపిరి పాటి అక్షరం. మిస్సిసాగాలో ఉన్న రోజుల్లో అయితే టేప్ చెప్పిందే వినేదాన్ని, ఎందుకంటే అప్పుడు నాకు అన్నీ తెలుసనుకునేదాన్ని. ఇక్కడికొచ్చి చెవిటిదాన్నయ్యాక గదా, ఒక్కొక్క ధ్వనినీ కాళ్ళు కడిగి లోపలికి పిలుచుకోవడం నేర్చుకున్నాను. ఆ మూడు వారాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కుర్చీ అదిగో, కిటికీ దగ్గరే ఉంది. దాని వంక చూస్తే ఇప్పుడు సిగ్గేయడం లేదు. ఆశ్చర్యంగా ఉంది, సిగ్గేయడం లేదు.

కేట్లిన్ ఫోన్ మోగింది. విన్నది, పెట్టింది. "హీలీ వాళ్ళ ఇంట్లో ఎవరూ లేరు. తలుపు తీశారు. లైటు వదిలేసి కూతురింటికి వెళ్ళారట, ఇప్పుడే పక్కింటాయన చెప్పాడు." హీల్స్ కోవ్‌లో ఆ ఒక్క ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు ఉండొచ్చు. కేట్లిన్ వెళ్ళిపోకుండా నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను జేబులో పెట్టేసింది. ఇద్దరం నీలం గుర్తుని చూస్తూ ఉన్నాం.

మూడింటికి రెండు నిమిషాలు తక్కువగా విన్స్ గొంతు వచ్చింది. "ఈల్స్ కోవ్‌లోకి వచ్చాం. ఇళ్ళన్నీ చీకటిగా ఉన్నాయి." తర్వాత ఏమీ లేదు. వైపర్ల చప్పుడు. తర్వాత, "ఆగండి, ఆగండి. నీళ్ళ పక్కన చివరింటి ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. బల్ల మీది గుడ్డ పట్టుకుని ఊపుతున్నాడు."

కేట్లిన్ నోరు రెండు చేతులతో మూసుకుంది. నేను హెడ్‌సెట్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను, ఎందుకో తెలియదు. తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, ఎవరో మేడమ్ మేడమ్ అని పిలవడం. షుగర్ బాగా పడిపోయింది, ఊపిరి బాగానే ఉంది, పక్కకి ఒత్తిగిలించే ఉంచాడు, డ్రిప్ పెడుతున్నాం. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలు. అవి నేనెలా గడిపానో చెప్పలేను. తొమ్మిదో నిమిషం చివర విన్స్, "కళ్ళు తెరిచింది. మా బూట్లు చూసి నేలంతా బురద చేశారని తిడుతోంది," అన్నాడు.

గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఒక్కరే, తర్వాత ఆపేశారు. కేట్లిన్ ఏడవడం లేదు గాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మ వాళ్ళ నాన్న ఇలాగే మాట్లాడేవాడు జీ," అంది. "హాపిల్స్ అనేవాడు యాపిల్స్‌ని. స్కూల్లో నేను ఒకసారి అలా అంటే టీచర్ అందరి ముందూ దిద్దింది. అప్పటి నుంచి నాకు అది వినబడకుండా చేసుకున్నానేమో. నాకు నిజంగా వినబడలేదు." ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆ దిద్దించుకోవడం నాకు తెలుసు. బల్ల మీద చెయ్యెత్తి నిలబడి పాలకొండ బడిలో నేను మళ్ళీ మళ్ళీ పలికిన మాటలు నాకు తెలుసు.

మూడూ పదహారుకి నా లైన్ మోగింది. టవర్ మీద గాలి మళ్ళినట్టుంది. అదే గొంతు, కాని రొప్పడం లేదు. "ఆర్ యు ద మిస్సస్ ఐ వాస్ టాకిన్ టు?" అవును సార్, నేనే, ఎలా ఉన్నారు ఆగ్నెస్ గారు? "షీస్ హాస్కిన్ ఫర్ టీ," అన్నాడు, టీ అడుగుతోందని. విన్స్ వాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్తామంటే రానంటోందట, కేకు ఓవెన్‌లో ఉందట. వెళ్ళమని చెప్పండి సార్, ఇవాళ తప్పకుండా వెళ్ళాలి అన్నాను. వెళ్తుంది, నా మాట వినదు గాని మీరన్నారని చెబుతాను అన్నాడు. గట్టిగా గొంతు సవరించుకున్న చప్పుడు. "మిస్సస్, వేర్ డూ యు బిలాంగ్ టు?"

ఎక్కడి దానివమ్మా అని. ఈ ప్రశ్న నన్ను ఇక్కడ చాలామంది అడిగారు. మిస్సిసాగా అని చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ, అది విని వాళ్ళు ఓహో అని ఊరుకునేవారు, నేనూ ఊరుకునేదాన్ని. ఇవాళ ఆ పేరు నోట్లోకి రాలేదు.

"ఉప్పాడ," అన్నాను. "ఇండియాలో, సార్."

"హిస్ డాట్ హిన్ ద బే?" అని అడిగాడు. అది బేలో ఉందా అని. ఈ ద్వీపంలో మనుషులు రెండే రకాలు, టౌన్ వాళ్ళు, బే వాళ్ళు. సెయింట్ జాన్స్‌లో పుట్టినవాళ్ళు టౌన్ వాళ్ళు, అఖాతాల ఒడ్డున చేపల మీద బతికిన మిగతా అందరూ బే వాళ్ళు. టౌన్ వాళ్ళు ఆ మాటని కాస్త తక్కువ చేసి అంటారు, బే వాళ్ళు తల ఎత్తి అంటారు.

బే కాక మరేమిటి? బంగాళాఖాతం. మా ఇంటి వెనక గోడకి ఉప్పు పేరుకునేది, అలల హోరులో నాన్న గట్టిగా ప్రార్థన చేసేవాడు, తెల్లారగట్ల పడవలు ఒడ్డుకి లాగే వాళ్ళ కేకలకి నేను నిద్ర లేచేదాన్ని, ఏటేటా సముద్రం ముందుకొచ్చి ఒక వరుస ఇళ్ళు తీసుకుపోయేది. "ఎస్ సార్," అన్నాను. "రైట్ ఆన్ ద బే."

"ఐ నోడ్ ఇట్!" అన్నాడు, నాకు ముందే తెలుసని. పక్కకి తిరిగి వంటింట్లోకి కేకేశాడు, ఫోన్ ఎడంగా పట్టుకుని, అయినా నాకు బాగా వినబడింది. ఆవిడ టౌన్ మనిషి కాదు హాగ్నెస్, ఆవిడా బే మనిషే అని. లోపల్నుంచి సన్నగా, నీరసంగా ఒక ఆడ గొంతు ఏదో అడిగింది, ఏ బే, ఏ ఊరు అని కాబోలు.

"హుప్పాడ," అన్నాడు హీలై, మా ఊరి పేరుని నిండుగా, ఊపిరంతా పెట్టి.

అవును సార్, హుప్పాడే, అన్నాను.